పాత డిస్క్ డ్రైవ్‌ల పవర్ సప్లై మరమ్మతు, మార్పిడి: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో నా మరమ్మతు బల్ల మీదికి పాత కంప్యూటర్ల డిస్క్ డ్రైవ్‌లు అప్పుడప్పుడు వస్తుంటాయి. కొన్ని ఒకప్పటి మిల్లు ఆఫీసుల పీసీ ఎక్స్‌టీలవి. కొన్ని బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పేందుకు 1984లో మొదలైన క్లాస్ పథకం కాలంలో బడుల్లో వాడిన బీబీసీ మైక్రోలవి. ఇంకొన్ని విదేశాల్లోని బంధువులు తెచ్చిన కమడోర్, ఆపిల్ డ్రైవ్‌లు. వచ్చినవాటిలో చాలా వాటికి డ్రైవ్ బాగానే ఉంటుంది, దానికి కరెంటు ఇచ్చే సప్లై చెడిపోయి ఉంటుంది. ఆ సంగతి తెలియక పదేపదే స్విచ్చి వేసి, బాగున్న డ్రైవ్‌ను కూడా కాల్చుకుని తెచ్చినవారిని చూస్తే నిజంగా బాధ కలుగుతుంది. సప్లైని ఎప్పుడైనా కొత్తగా కట్టుకోవచ్చు. నలభై ఏళ్లనాటి డ్రైవ్‌లోని హెడ్‌ను, దాని బోర్డు మీది చిప్‌లను ఇప్పుడు ఎవరూ తయారుచేయడం లేదు.

శ్రీకాకుళం, పలాస, బొబ్బిలి, రాజాం నుంచి ఫోనులో అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే కాబట్టి, అడిగినవారి మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఒక్క షరతు: 230 వోల్టుల కరెంటుతో పనిచేసిన అలవాటు లేకపోతే పెట్టె మూత తీయకండి. అలవాటున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

## స్విచ్చి వేయకముందు

ఇరవై ఏళ్లుగా అటక మీద ఉన్న డ్రైవ్. ఒకసారి ప్లగ్గు పెట్టి చూద్దామా?

వద్దు. ముందు మూత తీసి కళ్లతో చూడండి. కళింగపట్నం వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవ్‌ను తెరిస్తే, ఫ్యూజు హోల్డరుకూ బోర్డుకూ మధ్య ఎండిపోయిన బల్లి కనిపించింది. తోక ఒక టాంకా (సోల్డరింగ్ అతుకు) మీద, తల పక్క టాంకా మీద ఉన్నాయి. అలాగే ప్లగ్గు పెట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో టాంకాల మీద ఆకుపచ్చ పొర, రాగి గీతల మీద తెల్లటి పొడి పేరుకుంటాయి. చీమలు పెట్టిన మట్టి కూడా ఉంటుంది. మెత్తటి బ్రష్షుతో దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.

తరువాత సప్లై నుంచి డ్రైవ్‌కు వెళ్లే కనెక్టరు ఊడదీయండి. ఏళ్ల తరబడి కరెంటు తగలని ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లలో ఇన్సులేషన్‌గా పనిచేసే ఆక్సైడ్ పొర పలచబడుతుంది. ఒక్కసారిగా పూర్తి వోల్టేజి పడితే అవి వేడెక్కి పాడవుతాయి. అందుకే మొదటిసారి సప్లైని ఒంటరిగా, సీరీస్ బల్బు (ఇదేమిటో కింద చెప్పాను) ద్వారా మెల్లగా లేపాలి. వోల్టులు సరిగ్గా ఉన్నాయని మీటరు చెప్పాకే డ్రైవ్ తగిలించాలి.

నా డ్రైవ్‌కు సప్లై లోపల ఉందా, బయట ఉందా? ఎలా తెలుస్తుంది?

మోడల్‌ను బట్టి ఉంటుంది. కమడోర్ 1541లో ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా అంతా లోపలే ఉంది. 1571కూ లోపలే. 1541-టూ, 1581 డ్రైవ్‌లకు బయట వేరే పెట్టె ఉంటుంది, అందులోంచి 5, 12 వోల్టుల డీసీ నాలుగు పిన్నుల గుండ్రటి ప్లగ్గు ద్వారా వస్తుంది. అటారీ 1050కి బయటి పెట్టె ఇచ్చేది 9 వోల్టుల ఏసీ; దాన్ని డీసీగా మార్చే పని డ్రైవ్ లోపలే జరుగుతుంది. ఆపిల్ డిస్క్ టూకి సొంత సప్లై లేదు, కంప్యూటర్‌లోని కంట్రోలర్ కార్డు నుంచే తీసుకుంటుంది. బీబీసీ మైక్రో డ్రైవ్‌లలో రెండు రకాలూ ఉన్నాయి. సొంత సప్లై లేని రకం కంప్యూటర్ అడుగున ఉన్న సాకెట్టు నుంచి కరెంటు తీసుకుంటుంది. ఆ సాకెట్టు 5 వోల్టుల మీద 1.25 ఆంపియర్లు, 12 వోల్టుల మీద మరో 1.25 ఆంపియర్లు మాత్రమే ఇవ్వగలదు.

డిస్క్ టూ వాడేవారికి ప్రత్యేకంగా ఒక మాట. దాని 20 పిన్నుల కనెక్టరు ఒక వరుస పక్కకు జరిగి కూర్చుంటే, 12 వోల్టులు వెళ్లకూడని చోటికి వెళ్లి 74ఎల్‌ఎస్125 చిప్ కాలిపోతుంది. కంప్యూటర్ ఆన్‌లో ఉండగా ఆ కనెక్టరును పెట్టడం గానీ తీయడం గానీ చేయకండి.

అమెరికా నుంచి తెచ్చిన డ్రైవ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే చాలా?

ముందు వెనక వైపు 115, 230 అని మార్చుకునే చిన్న స్విచ్చి ఉందేమో చూడండి. ఉంటే 230కి జరిపి, మన ప్లగ్గు వేసుకుంటే సరిపోతుంది. ఆ స్విచ్చి 115 దగ్గర ఉండగా మన సాకెట్టులో పెడితే లోపలి పెద్ద కండెన్సర్ల మీద రెట్టింపు వోల్టేజి పడి క్షణాల్లో పేలుతాయి. స్విచ్చి లేకపోతే స్టెప్‌డౌన్ కావాలి, దాని వాటేజి డ్రైవ్ మీద రాసినదానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి.

అయితే స్టెప్‌డౌన్ వోల్టేజిని తగ్గిస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడ 60 సైకిళ్లు, ఇక్కడ 50. ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డ్రైవ్ ఇక్కడ కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది, మొదటి గంట చెయ్యి పెట్టి చూస్తుండాలి. 8 అంగుళాల పాత డ్రైవ్‌ల సంగతి వేరు. షుగార్ట్ ఎస్‌ఏ800 లాంటి వాటిలో డిస్కును తిప్పే మోటారు నేరుగా మెయిన్ కరెంటు మీద నడుస్తుంది. 50 సైకిళ్లలో నిమిషానికి 360 చుట్లకు బదులు 300 చుట్లే తిరుగుతుంది. దానికి 50 సైకిళ్ల పుల్లీ, బెల్టు వేరుగా వేయాల్సిందే.

తప్పు సప్లైదా, డ్రైవ్‌దా? తెరవకుండా చెప్పవచ్చా?

కచ్చితంగా చెప్పలేం, దారి మాత్రం దొరుకుతుంది. లైటు, చప్పుడు ఏదీ లేకపోతే ముందు ఫ్యూజు, తీగ, స్విచ్చి చూడండి. లైటు వెలిగి మోటారు తిరగకపోతే 12 వోల్టుల వైపు అనుమానించండి. మోటారు తిరుగుతూ డ్రైవ్ ఏ ఆదేశానికీ పలకకపోతే 5 వోల్టుల వైపు చూడండి. హార్డ్ డిస్కు వేగం అందుకోబోయి ఆగిపోయి, మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగిపోతుంటే 12 వోల్టులు ఒత్తిడికి కుంగుతున్నాయని అర్థం.

1541లో స్విచ్చి వేయగానే ఎర్ర లైటు వెలిగి, మోటారు కాస్త తిరిగి, రెండూ ఆగాలి. ఎర్ర లైటు ఆరకుండా, మోటారు ఆగకుండా ఉంటే చాలామంది రామ్ పోయింది, రోమ్ పోయింది అనేస్తారు. చిప్‌లు పీకే ముందు 5 వోల్టులు కొలవండి.

చదివి, మధ్యలో తప్పులు చూపే డ్రైవ్‌కు మాత్రం మొదట హెడ్ తుడవండి. మన తేమకు డిస్కుల మీద పట్టే బూజు అంతా హెడ్ మీదికే చేరుతుంది.

డ్రైవ్ ఇనుప పెట్టెను ముట్టుకుంటే జివ్వుమంటోంది. సప్లై లీకవుతోందా?

ఎర్తింగ్ లేని సాకెట్టులో స్విచింగ్ సప్లై (ఎస్‌ఎంపీఎస్, అంటే కరెంటును అతివేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజి తగ్గించే రకం) పెడితే ఇలాగే ఉంటుంది. దాని ఫిల్టరులోని చిన్న కండెన్సర్లు ఫేజునూ న్యూట్రల్‌నూ పెట్టెకు కలుపుతాయి కాబట్టి, ఎర్తు లేనప్పుడు పెట్టె మీద సుమారు సగం మెయిన్ వోల్టేజి తేలుతుంది. కరెంటు అతి తక్కువ. మనిషికి జివ్వుమనేది డేటా కేబులు ద్వారా చిప్‌కు మాత్రం ప్రాణాంతకం. మూడు పిన్నుల ప్లగ్గులో మూడో పిన్నుకు నిజంగా ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. కంప్యూటర్‌ను, డ్రైవ్‌ను, మానిటర్‌ను ఒకే బోర్డు నుంచి పెట్టండి.

ఎర్తు బాగున్నా షాక్ కొడితే అది లీకేజీయే. వెంటనే ప్లగ్గు తీయండి.

## కొలిచేటప్పుడు

ఏ వైరులో ఎన్ని వోల్టులు రావాలి?

5.25 అంగుళాల డ్రైవ్‌లకూ పాత హార్డ్ డిస్కులకూ వచ్చే పెద్ద నాలుగు పిన్నుల కనెక్టరులో పసుపు 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, మధ్యలోని రెండు నలుపులు సున్నా. 12 ఒకటో పిన్ను, 5 నాలుగో పిన్ను. 3.5 అంగుళాల డ్రైవ్‌ల చిన్న కనెక్టరులో ఈ వరుస తిరగబడుతుంది: ఒకటో పిన్ను 5, నాలుగో పిన్ను 12. పెద్దదాన్ని చూసి చిన్నదానికి వైర్లు కట్టి డ్రైవ్‌లు పోగొట్టుకున్నవారు చాలామంది ఉన్నారు.

5 వోల్టుల వైరులో 4.75 నుంచి 5.25 వరకు, 12 వోల్టుల వైరులో 11.4 నుంచి 12.6 వరకు ఉంటే మంచిదే. 5 వోల్టుల వైరులో 5.5 కనిపిస్తే ఆ సప్లైకి డ్రైవ్ తగిలించవద్దు. తక్కువ వోల్టేజికి డ్రైవ్ పనిచేయడం మానేస్తుంది, అంతే. ఎక్కువ వోల్టేజి దాన్ని చంపేస్తుంది.

వైర్ల రంగును ఎప్పుడూ నమ్మకండి, మీటరును నమ్మండి. నలభై ఏళ్లలో ఎవరో ఒకరు వైర్లు మార్చి ఉండవచ్చు.

మీటరులో 5 వోల్టులు సరిగ్గానే ఉన్నాయి. అయినా డ్రైవ్ సరిగ్గా పనిచేయడం లేదు. ఎందుకు?

మీరు లోడు లేకుండా కొలిచి ఉంటారు, లేదా సప్లై దగ్గర కొలిచి ఉంటారు. మోటారు తిరుగుతుండగా, డ్రైవ్ వైపు కనెక్టరు వెనక నుంచి ప్రోబు గుచ్చి కొలవండి. సప్లై దగ్గర 5.05, డ్రైవ్ దగ్గర 4.6 చూపించిన సందర్భాలు నేను చూశాను. మధ్యలో కనెక్టరు పిన్ను నల్లబడి, పట్టు వదులైపోయి ఉంటుంది. తుడిచి, పిన్నును కాస్త బిగిస్తే చాలు.

రెండో కారణం రిపుల్, అంటే డీసీ వోల్టేజిలో మిగిలిపోయే ఎగుడుదిగుడు. మీటరు డీసీలో చూపేది సగటు మాత్రమే. వోల్టేజిని 5 దగ్గర నిలబెట్టే 7805 రెగ్యులేటర్ ఆ 5 వోల్టులు ఇవ్వాలంటే లోపలికి కనీసం 7 వోల్టులు కావాలి. ముందున్న పెద్ద కండెన్సర్ ఎండిపోతే, లోపలికి వచ్చే వోల్టేజి సెకనుకు 100 సార్లు లోయలోకి దిగుతుంది. 7 కంటే దిగిన ప్రతిసారీ బయటి 5 వోల్టులూ కుంగుతాయి. సగటు 4.9 చూపించి మీటరు మనల్ని ఊరడిస్తుంది, చిప్ మాత్రం సెకనుకు వందసార్లు తడబడుతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఆసిలోస్కోపు ఉంటే మేలు. లేకపోతే మీటరును ఏసీ రేంజిలో పెట్టి, ఒక ప్రోబుకు సీరీస్‌లో 1 మైక్రోఫారడ్ ఫిల్ము కండెన్సర్ తగిలించి కొలవండి. ఆ కండెన్సర్ లేకుంటే కొన్ని చౌక మీటర్లు డీసీని కూడా కలిపి తప్పు అంకె చూపిస్తాయి. 5 వోల్టుల వైరులో 50 మిల్లీవోల్టులు దాటితే కండెన్సర్లు మార్చే సమయం వచ్చినట్లే.

డ్రైవ్ తగిలించకుండా సప్లైకి లోడు ఎలా ఇవ్వాలి?

ఆటోమొబైల్ దుకాణంలో దొరికే 12 వోల్టుల 10 వాట్ల బల్బు ఒకటి, 5 ఓమ్‌ల 10 వాట్ల సిరామిక్ రెసిస్టర్ ఒకటి చాలు. 12 వోల్టులకూ సున్నాకూ మధ్య బల్బు పెడితే సుమారు 0.8 ఆంపియర్ లాగుతుంది. 5 వోల్టులకూ సున్నాకూ మధ్య రెసిస్టర్ పెడితే సరిగ్గా 1 ఆంపియర్. ఆ రెసిస్టర్ చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, పింగాణీ పళ్లెంలో పెట్టండి.

బల్బును ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. చల్లగా ఉన్న ఫిలమెంటు వెలిగే ముందు క్షణంలో ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆగి ఉన్న మోటారు కూడా అంతే. బల్బును ఒక్కసారిగా వెలిగించలేక తన్నుకునే సప్లై, డ్రైవ్ మోటారునూ లేపలేదు. అరగంట అలా ఉంచి, ఐదు నిమిషాలకోసారి వోల్టులు రాసుకోండి. వేడెక్కాక జారిపోయే సప్లైలు ఇక్కడే దొరుకుతాయి.

సీరీస్ బల్బు అంటే ఏమిటి? ఇప్పుడు అన్నీ ఎల్‌ఈడీ బల్బులే కదా?

పాత రేడియో మెకానిక్కుల బల్ల మీద తప్పకుండా ఉండే బోర్డు ఇది. ఫేజు వైరు నేరుగా సాకెట్టుకు పోకుండా, మధ్యలో ఒక ఫిలమెంటు బల్బు గుండా పోతుంది. సప్లైలో షార్టు ఉంటే కరెంటు అంతా బల్బులో ఖర్చయి, బల్బు నిండుగా వెలుగుతుంది. ఫ్యూజు పోదు, మంట రాదు. సప్లై బాగుంటే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారుతుంది.

ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బే కావాలి. చిన్న ఊళ్ల ఎలక్ట్రికల్ దుకాణాల్లో అడిగితే ఇప్పటికీ పాత నిల్వలోంచి తీసి ఇస్తారు, దొరికినప్పుడు నాలుగు కొని దాచుకోండి. బల్బు అడ్డంగా ఉండగా సప్లైకి పూర్తి లోడు పెట్టకండి. స్విచింగ్ సప్లైకి వోల్టేజి చాలక ఆగి ఆగి మొదలవుతుంది, దాన్ని చూసి సప్లై పోయిందని పొరబడతారు.

ఎస్‌ఎంపీఎస్ టిక్, టిక్ అని శబ్దం చేస్తోంది కానీ లేవడం లేదు.

మూడు కారణాలు వరుసగా చూడండి. మొదటిది, లోడు లేకపోవడం. పాత స్విచింగ్ సప్లైలలో చాలా వాటికి 5 వోల్టుల మీద కనీస లోడు ఉంటేనే నిలకడ వస్తుంది. రెండోది, డ్రైవ్‌లో షార్టు. సప్లై తీసేసి, డ్రైవ్ కనెక్టరు దగ్గర 12 వోల్టుల పిన్నుకూ సున్నాకూ మధ్య ఓమ్‌లు కొలవండి. ఒకటి రెండు ఓమ్‌లే ఉంటే, అక్కడ చింతగింజ ఆకారంలో ఉండే టాంటలం కండెన్సర్ షార్టయి ఉంటుంది. 12 వోల్టుల వైరు మీద 16 వోల్టుల టాంటలం వేయడం అప్పటి అలవాటు. దాన్ని తీసి 25 లేదా 35 వోల్టులది వేయండి. చారలు, గుర్తులు చూసి ప్లస్ మైనస్ సరిచూసుకోండి, తిరగేస్తే మండుతుంది.

మూడోది, కంట్రోల్ ఐసీ పక్కన ఉండే చిన్న ఎలక్ట్రోలైటిక్. సప్లై మొదలయ్యే శక్తిని నిల్వచేసేది అదే. పక్కనే వేడి భాగాలు ఉండడం వల్ల ముందుగా ఎండిపోతుంది. పది రూపాయల లోపు వస్తువు కోసం సప్లైలు చెత్తకుప్పకు పోతున్నాయి.

ప్లగ్గు తీసేశాను. ఇక లోపల చెయ్యి పెట్టవచ్చా?

స్విచింగ్ సప్లైలో అయితే పెట్టకూడదు. 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చగానే సుమారు 325 వోల్టులు అవుతుంది. అది పెద్ద కండెన్సర్లలో ప్లగ్గు తీశాక కూడా నిలిచి ఉంటుంది, చెడిపోయిన సప్లైలో మరీ ఎక్కువసేపు ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేసే అలవాటు మానుకోండి, మెరుపుతో పాటు కండెన్సరూ బోర్డూ దెబ్బతింటాయి. 2 నుంచి 5 కిలోఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్‌కు ఇన్సులేషన్ ఉన్న వైర్లు కట్టి, కండెన్సర్ రెండు కాళ్లకు పది సెకన్లు ఆనించండి. తరువాత మీటరుతో కొలిచి సున్నాకు వచ్చిందని చూసుకోండి. ఈ పని చేసేటప్పుడు రెండో చెయ్యి వీపు వెనక పెట్టుకోవడం నాకు పనినేర్పిన పెద్దాయన చెప్పిన పద్ధతి, ఇప్పటికీ పాటిస్తాను.

## మరమ్మతు

బాగా నడుస్తూ నడుస్తూ ఒక్కసారి ఫట్‌మని తెల్లటి పొగ, భరించలేని వాసన వచ్చింది. అయినా డ్రైవ్ నడుస్తూనే ఉంది!

అది మెయిన్ కరెంటు ఫిల్టరులోని కాగితపు కండెన్సర్. పసుపు రంగు పారదర్శకమైన ప్లాస్టిక్ లోపల వెండి రంగు చుట్టలాగా కనిపిస్తుంది, చాలా వాటి మీద రీఫా అని ఉంటుంది. బీబీసీ మైక్రో సప్లైలలో ఇది పేరుమోసిన జబ్బు. కాలం గడిచేకొద్దీ పై ప్లాస్టిక్‌లో సన్నటి వెంట్రుక పగుళ్లు వస్తాయి, వాటిగుండా తేమ కాగితంలోకి దిగుతుంది. మన తీరంలో దానికి కావలసినంత తేమ ఉంది. ఆ తరువాత కరెంటు పడితే లోపల కాలి పేలుతుంది.

అది ఫిల్టరు మాత్రమే కాబట్టి సప్లై నడుస్తూనే ఉంటుంది. అలాగని వదిలేయకండి. దాని స్థానంలో అదే విలువ గల, ఎక్స్2 తరగతి (మెయిన్ కరెంటు మీద నేరుగా వేయడానికి తయారైన రకం), 275 వోల్టుల ఏసీ లేదా అంతకంటే ఎక్కువ రేటింగ్ ఉన్న పాలీప్రొపైలిన్ కండెన్సర్ వేయండి. మామూలు 400 వోల్టుల డీసీ కండెన్సర్ ఇక్కడ వేయకూడదు. పగుళ్లు కనిపిస్తే పేలేదాకా ఆగవద్దు. నా దగ్గరికి వచ్చిన ఏ బీబీసీ సప్లైనైనా, అది బాగున్నా సరే, వీటిని మార్చకుండా తిరిగి ఇవ్వను.

1541 వెనక భాగం చెయ్యి పెట్టలేనంత వేడి. ఇది మామూలేనా?

వేడి మామూలే, చెయ్యి పెట్టలేనంత వేడి మామూలు కాదు. 1541లో ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైండింగులు, ఏసీని డీసీగా మార్చే రెండు బ్రిడ్జిలు, రెండు పెద్ద కండెన్సర్లు, 7805, 7812 రెగ్యులేటర్లతో పాతకాలపు లీనియర్ పద్ధతి ఉంది. రెగ్యులేటర్ మిగులు వోల్టేజిని వేడిగా వదిలేస్తుంది. లోపలికి 11 వోల్టులు వచ్చి, 5 వోల్టుల మీద 0.8 ఆంపియర్ పోతోందనుకుంటే, దాదాపు 5 వాట్లు ఊరికే వేడిగా మారతాయి. యూరప్ చలిదేశాల్లో సర్దుకున్న పెట్టె, మే నెలలో 40 డిగ్రీలు దాటే మన గదిలో ఇబ్బందిపడుతుంది.

హీట్ సింకుకూ రెగ్యులేటర్‌కూ మధ్య తెల్ల పేస్టు ఎండి పొడి అయిపోయి ఉంటుంది. గీకేసి కొత్తది పలచగా రాయండి. మూత మీది గాలి సందులు మూసేలా పుస్తకాలు పెట్టకండి. రెండు డ్రైవ్‌లను ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

7805 బదులు అదే కాళ్ల వరుసతో వచ్చే చిన్న స్విచింగ్ మాడ్యూల్ వేస్తే వేడి బాగా తగ్గుతుంది. మంచిరకమైతే నాకు అభ్యంతరం లేదు. ఒక జాగ్రత్త: 7805 లోపల షార్టయితే లోపలి వోల్టేజి మొత్తం 5 వోల్టుల వైరులోకి వచ్చి, చిప్‌లన్నీ ఒకేసారి పోతాయి. అందుకే రెగ్యులేటర్‌కు పాత సామానులోంచి పీకిన భాగం ఎప్పుడూ వాడను.

కండెన్సర్లు ఉబ్బలేదు, కారలేదు. అయినా మార్చాలా?

లీనియర్ సప్లైలో రిపుల్ కొలిచి, బాగుంటే వదిలేయండి. ఆ కాలపు పెద్ద కండెన్సర్లలో చాలావరకు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. స్విచింగ్ సప్లైలో మాత్రం సెకండరీ వైపు, అంటే తక్కువ వోల్టులు బయటికి వచ్చే వైపు, ఉన్నవన్నీ మార్చేస్తాను. అవి ఉబ్బకుండానే ఎండిపోతాయి. ఈఎస్‌ఆర్ (కండెన్సర్ లోపలి నిరోధం) కొలిచే మీటరు పెడితే తెలుస్తుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే కండెన్సర్ ఆయుష్షు సగమవుతుందన్నది ఈ పనిలో అందరూ లెక్కపెట్టుకునే సూత్రం. 105 డిగ్రీలవి, తక్కువ ఈఎస్‌ఆర్ రకం అడిగి తీసుకోండి.

వోల్టేజి రేటింగ్ పాతదానికి సమానంగా లేదా ఎక్కువగా ఉండవచ్చు, తక్కువ పనికిరాదు. మైక్రోఫారడ్లు ఇరవై శాతం అటూ ఇటూ అయినా నష్టం లేదు. రెండు మూడు రెట్లు పెంచితే మాత్రం స్విచ్చి వేసిన క్షణంలో బ్రిడ్జి మీద భారం పెరుగుతుంది.

ఈ భాగాలు మన వైపు ఎక్కడ దొరుకుతాయి?

7805, 7812, బ్రిడ్జిలు, ఫ్యూజులు, సాధారణ కండెన్సర్లు విజయనగరంలో, శ్రీకాకుళంలో టీవీ విడిభాగాల దుకాణాల్లోనే ఉంటాయి. ఎక్స్2 కండెన్సర్లు, తక్కువ ఈఎస్‌ఆర్ రకం కావాలంటే విశాఖ డాబాగార్డెన్స్ వైపు వెళ్లాలి. అక్కడా లేకపోతే హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ. పాత భాగాన్ని వెంట తీసుకెళ్లి కాళ్ల మధ్య దూరం, ఎత్తు సరిచూసి కొనండి. సరిపోని కండెన్సర్‌ను పొడుగు కాళ్లతో వేలాడదీస్తే రవాణాలో ఊగి విరుగుతుంది.

## కొత్త సప్లై అమర్చేటప్పుడు

పాతది బాగుపడేలా లేదు. కొత్తగా ఏది కొనాలి?

డ్రైవ్ వెనక రాసిన ఆంపియర్లు చూడండి. పూర్తి ఎత్తు 5.25 అంగుళాల ఫ్లాపీ డ్రైవ్ మోటారు మొదలయ్యేటప్పుడు 12 వోల్టుల మీద ఒక ఆంపియర్ దాటవచ్చు. తరువాతి కాలపు 3.5 అంగుళాల డ్రైవ్‌లలో చాలావాటికి 5 వోల్టులే చాలు. ఒక ఫ్లాపీ డ్రైవ్‌కు 5, 12 వోల్టులు రెండూ ఇచ్చే ఇనుప జాలీ పెట్టె రకం సప్లై బాగా కుదురుతుంది. మీన్‌వెల్ ఆర్‌డీ-35ఏ 5 వోల్టుల మీద 4, 12 వోల్టుల మీద 1 ఆంపియర్ ఇస్తుంది. ఆర్‌డీ-50ఏ 6, 2 ఆంపియర్లు ఇస్తుంది. పాత మోటార్లకు నేను రెండోదాన్నే వాడతాను.

సీగేట్ ఎస్‌టీ-225 లాంటి హార్డ్ డిస్కు లేచేటప్పుడు 12 వోల్టుల మీద 2 ఆంపియర్ల పైన లాగుతుంది, అంతకంటే పాతవి ఇంకా ఎక్కువ. వాటికి 12 వోల్టుల మీద 4 ఆంపియర్లకు తక్కువ కాకుండా చూసుకోండి. ఎస్‌టీ-225 తనంతట తాను హెడ్‌ను పక్కన పెట్టుకోదు. సప్లై మార్చడానికి పెట్టెను కదిలించే ముందు, డిస్కు ఇంకా నడుస్తుంటే, పార్కింగ్ ప్రోగ్రాము నడపండి.

ఫోను చార్జరు 5 వోల్టులు, సెట్‌టాప్ బాక్సు అడాప్టరు 12 వోల్టులు. రెండూ కలిపి వాడవచ్చా?

చేసి దెబ్బతిన్నవారిని చూశాను కాబట్టి వద్దంటాను. టెక్కలి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఇలాగే చేసి, డ్రైవ్‌ను బియ్యం సంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చారు. “మాస్టారూ, ఏ వైరు ఎక్కడ కలిపారు?” అని అడిగితే, “రెండింటి వైర్లూ నల్లగానే ఉన్నాయి బాబూ, అంచనాగా కలిపాను” అన్నారు. 12 వోల్టులు 5 వోల్టుల పిన్నులోకి వెళ్లాయి. డ్రైవ్ బోర్డు పోయింది. ఆయన డిస్కుల్లో ఉన్నవి పిల్లల కోసం తాను రాసుకున్న లెక్కల ప్రోగ్రాములు. వేరే డ్రైవ్‌లో పెట్టి ఒక్కొక్కటే చదివి ఇచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది.

వైర్లు సరిగ్గా కలిపినా చిక్కులు ఉంటాయి. రెండు సప్లైలు ఒకే క్షణంలో లేవవు. రెండింటి సున్నాలు కలపడం మరిచిపోతే డ్రైవ్ పిచ్చిగా ప్రవర్తిస్తుంది. చౌక చార్జరు రిపుల్ ఎక్కువ. తాత్కాలికంగా తప్పదనుకుంటే సున్నాలు కలిపి, రెండింటికీ ఒకే స్విచ్చి పెట్టి, డిస్కు లేకుండా మాత్రమే పరీక్షించండి.

కొత్త కంప్యూటర్ ఏటీఎక్స్ సప్లై ఖాళీగా ఉంది. అది పనికివస్తుందా?

పరీక్షకు చాలా బాగా పనికివస్తుంది. పెద్ద కనెక్టరులో ఆకుపచ్చ వైరును ఏదైనా నల్ల వైరుకు కలిపితే లేస్తుంది. పెద్ద నాలుగు పిన్నుల కనెక్టరు సరాసరి డ్రైవ్‌కు సరిపోతుంది. కొన్ని మోడళ్లు లోడు తక్కువైతే నిలకడగా ఉండవు, పక్కన ఒక పాత హార్డ్ డిస్కు తగిలించి ఉంచండి. తరువాతి కాలపు ఏటీఎక్స్‌లలో మైనస్ 5 వోల్టులు లేవు, 24 వోల్టులు ఏ ఏటీఎక్స్‌లోనూ లేవు. కాబట్టి 8 అంగుళాల డ్రైవ్‌కు ఇది ఒక్కటే చాలదు.

పీసీ ఎక్స్‌టీకి కొత్త సప్లై దొరికింది. బోర్డుకు రెండు కనెక్టర్లు ఉన్నాయి, ఎలా పెట్టాలి?

పీ8, పీ9 అనే ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు నల్ల వైర్లు మధ్యలో ఒకచోట చేరాలి. తారుమారు చేస్తే మదర్‌బోర్డు పోతుంది.

ఆమ్‌స్ట్రాడ్ 3 అంగుళాల డ్రైవ్ తీసేసి 3.5 అంగుళాలది పెడుతున్నాను. కనెక్టరు పడుతోంది కదా?

పడుతుంది, అదే ప్రమాదం. ఆమ్‌స్ట్రాడ్ వారి వైర్లలో 5, 12 వోల్టుల స్థానాలు మామూలు డ్రైవ్‌కు తారుమారుగా ఉంటాయి. స్పెక్ట్రమ్ ప్లస్ త్రీలోనూ అంతే. ముందు రెండు వైర్లు మార్చి, మీటరుతో చూసి, అప్పుడు తగిలించండి.

కొత్త సప్లై పెట్టాక తిరుగుతోంది కానీ చదవడంలో తప్పులు వస్తున్నాయి.

రెండు చూడండి. మొదటిది, సప్లై ఎక్కడ పెట్టారు? హెడ్ చదివేది మిల్లీవోల్టులలో ఉండే సంకేతం. దాని పక్కనే స్విచింగ్ సప్లై ఉంటే ఆ రొద అందులో కలుస్తుంది. సప్లైని అరడుగు దూరం జరిపి చూడండి. తప్పులు తగ్గితే, మధ్యలో ఎర్తు చేసిన ఇనుప రేకు పెట్టండి లేదా సప్లైని బయటి పెట్టెలోకి మార్చండి.

రెండోది, వేగం. చాలా 5.25 అంగుళాల డ్రైవ్‌లు నిమిషానికి 300 చుట్లు తిరగాలి. అడుగున ఉన్న చక్రం మీద రెండు వరుసల నల్ల గీతలు ఉంటే, ఒకటి 50, ఇంకొకటి 60 సైకిళ్లకు. చోక్ ఉన్న పాత ట్యూబులైటు కింద 50 అని రాసిన వరుస చూడండి. గీతలు నిలబడినట్లు కనిపిస్తే వేగం సరిగ్గా ఉంది. మెల్లగా ముందుకో వెనక్కో పాకుతుంటే, పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పి సరిచేయాలి. చీకటి గదిలో ఆ గీతలు పాకడం తగ్గి, తగ్గి, అలా నిలిచిపోయే క్షణం చూడడం నాకు ఇప్పటికీ సంతోషం. ఎల్‌ఈడీ లైటు కింద ఈ పరీక్ష కుదరదు.

## మన కరెంటు, మన వాతావరణం

తుఫాను తరువాత కరెంటు వచ్చిన రోజే డ్రైవ్ పోయింది. ఎందుకు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటిన తిత్లీ తరువాత నా బల్ల నిండిపోయింది. కరెంటు పోవడం వల్ల ఏ సప్లై పోదు, తిరిగి వచ్చేటప్పుడు పోతుంది. లైన్లు తెగి అతికించే రోజుల్లో న్యూట్రల్ వదులైతే, ఒక ఇంట్లో 150 వోల్టులు, పక్కింట్లో 300 పైన రావచ్చు. సప్లైలో రక్షణగా ఉండే నీలిరంగు బిళ్ల, అంటే వేరిస్టర్, దాన్ని అడ్డుకుని తాను కాలిపోతుంది, వెంట ఫ్యూజు పోతుంది. ఆ రెండూ మార్చి సీరీస్ బల్బు మీద లేపితే చాలా సప్లైలు లేచాయి. ఫ్యూజు నల్లగా మసిబారి ఉంటే మాత్రం బ్రిడ్జి, స్విచింగ్ ట్రాన్సిస్టర్ కూడా చూడాలి.

తుఫాను హెచ్చరిక రాగానే ప్లగ్గులు తీసేయండి. కరెంటు వచ్చాక ఫ్యాన్లు, లైట్లు ఒక పూట నిలకడగా నడిచాకే పెట్టండి.

ఇంటి ఇన్వర్టర్ మీద నడపవచ్చా?

సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే నడపవచ్చు. స్క్వేర్ వేవ్ రకం మీద ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డ్రైవ్‌లు గుయ్యిమంటూ వేడెక్కుతాయి. ఏ రకమైనా, కరెంటు మారే క్షణంలో డిస్కు లోపల ఉండకూడదు. ఆన్, ఆఫ్ చేసేటప్పుడు కూడా డిస్కు బయటే ఉండాలి. ఆ కుదుపులో హెడ్ ఒక చెత్త గీత రాసేయగలదు.

బాగుచేసి ఇచ్చారు. ఇక ఎలా దాచాలి? ఎన్నాళ్లకోసారి నడపాలి?

నెలకోసారి అరగంట చాలు. కండెన్సర్ల పొర నిలబడుతుంది, లోపలి తేమ ఆ వేడికి ఆరిపోతుంది. వానాకాలంలో రెండుసార్లు నడపండి. అటక వద్దు, రేకుల కింద వేసవి వేడి కండెన్సర్లను ఎండబెడుతుంది. చెక్క బీరువాలో, నేలకు ఎత్తుగా, సిలికా జెల్ పొట్లాలు వేసి, పాత నూలు దుప్పటి కప్పి ఉంచండి. ప్లాస్టిక్ కవరులో బిగించి కడితే తేమ లోపలే చిక్కుకుంటుంది. గాలి సందులకు సన్నటి దోమతెర ముక్క అతికిస్తే బల్లులు రావు, నడిపేటప్పుడు మాత్రం దాన్ని తీసేయండి. ఎప్పుడు నడిపారో, 5 వోల్టులు ఎంత చూపాయో, 12 ఎంత చూపాయో మూత లోపల ఒక కాగితం మీద తేదీతో రాసి అంటించండి. నా దగ్గర మరమ్మతు అయిన ప్రతి డ్రైవ్ మూత లోపల మొదటి వరుస నేనే రాసి పంపుతాను.